ల్యాప్‌టాప్‌కు టచ్ ఎందుకు? ముందు కీబోర్డు చూడండి

కొత్త ల్యాప్‌టాప్ అనగానే చాలామంది అడిగే మొదటి మాట: టచ్ ఉందా? మీది రాసే పనో, లెక్కల పనో, కోడింగో అయితే టచ్ అక్కర్లేదు. ఆ డబ్బు ర్యామ్ మీద పెట్టండి.

ఎక్సెల్ తెరిచి వేలితో పనిచేసి చూడండి. అందులో ఒక్కో వరుస ఎత్తు మామూలుగా 20 పిక్సెళ్లు. వేలితో నొక్కే బటన్ దాదాపు 9 మిల్లీమీటర్లు ఉండాలని యాప్‌లు చేసేవాళ్లకు ఆండ్రాయిడ్ చెబుతుంది. ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద ఎక్సెల్ వరుస అందులో సగానికి అటూ ఇటూ ఉంటుంది, అంతే. ఏడో వరుస నొక్కబోతే ఎనిమిదోది పడుతుంది. ఏది నొక్కుతున్నామో వేలే కప్పేస్తుంది. పైగా నొక్కిన ప్రతిసారీ స్క్రీన్ వెనక్కి ఊగుతుంది. ఇక చెయ్యి సంగతి సరేసరి. ఆనించడానికి ఏమీ లేకుండా గాలిలో చాచి ఉంచితే పది నిమిషాలకే భుజం లాగేస్తుంది.

ఇదేమీ కొత్తగా తెలిసిన విషయం కాదు. హెచ్‌పీ 1983లోనే టచ్‌స్క్రీన్‌తో హెచ్‌పీ-150 కంప్యూటర్ తెచ్చింది. ఈ చేతి నొప్పికి 'గొరిల్లా ఆర్మ్' అని పేరే ఉంది. 2012లో మైక్రోసాఫ్ట్ టచ్‌ను నమ్ముకుని విండోస్ 8లో స్టార్ట్ బటన్‌నే తీసేసింది. మౌస్‌తో పనిచేసేవాళ్లు గగ్గోలు పెట్టారు. మరుసటి ఏడాది 8.1లో బటన్, 2015లో విండోస్ 10తో పాత తరహా స్టార్ట్ మెనూ తిరిగొచ్చాయి.

బొమ్మలు గీసేవాళ్లకు, ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే టీచర్లకు, పీడీఎఫ్ మీద దిద్దేవాళ్లకు టచ్ కావాలంటారు. నిజమే, వాళ్లకు కావాలి. వర్గమూలం గుర్తు మౌస్‌తో గీయడం నరకం. కానీ వాళ్ల చేతిలో ఉండేది పెన్ను. స్క్రీన్‌ను కాగితంలా పడుకోబెట్టుకుని, దాని మీద చెయ్యి ఆనించి రాస్తారు. వాళ్లు మడిచి ట్యాబ్లెట్‌లా వాడుకునే రకమే కొనుక్కోవాలి.

నా అసలు బాధ వేరే. ఫోన్ మనకు వేలితో జరపడం నేర్పింది. జరపడం చూసేవాడి పని, టైప్ చేయడం తయారుచేసేవాడి పని. ల్యాప్‌టాప్ తయారుచేసేవాడి పనిముట్టు. దాన్నీ పెద్ద ఫోన్‌లా చూస్తున్నాం కాబట్టే పిల్లలకు టైపింగ్ నేర్పాలన్న ఆలోచనే మనకు రావడం లేదు.

ఈమధ్య ఒక డిగ్రీ కుర్రాడు తన టచ్ ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్టు రిపోర్టు రాస్తుంటే పక్కన కూర్చున్నాను. రెండు చూపుడు వేళ్లతో వెతుక్కుంటూ కొడుతున్నాడు. ఎఫ్, జె కీల మీద చిన్న గీతలు ఎందుకున్నాయో తెలుసా అని అడిగాను. వంగి చూశాడు. కళ్లు మూసుకుని ఆ రెండింటి మీదా చూపుడు వేళ్లు పెట్టమన్నాను. మిగతా వేళ్లు వాటంతటవే పక్క కీల మీదికి వెళ్లి కూర్చున్నాయి. "ఇది నాకెవరూ చెప్పలేదు సార్" అన్నాడు.