ఉగాండా ఫార్వర్డ్ పంపిన బాబాయ్‌లకు

పొద్దున్నే మళ్లీ అదే ఫార్వర్డ్. "ఉగాండాను చూసి సిగ్గు తెచ్చుకోండి, స్వలింగ సంబంధాలనే పాశ్చాత్య దరిద్రాన్ని ఎలా తన్ని తరిమారో!" కింద వరసగా దండాలు, చప్పట్లు.

బాబాయ్, అక్కడ తరమాల్సిన పాశ్చాత్య సరుకంటూ ఉంటే అది వాళ్ల పీనల్ కోడ్ 145వ సెక్షన్. "ప్రకృతి విరుద్ధం" అన్న ముక్కను తెల్లదొర 1860లో మన శిక్షాస్మృతి 377వ సెక్షన్లో రాసి, తర్వాత ఆఫ్రికాకూ మోసుకెళ్లాడు. పెద్దల ఇష్టపూర్వక సంబంధాల వరకు మనకు ఆ పీడ 2018 సెప్టెంబర్ 6న వదిలింది. వాళ్లేమో దానికే సంస్కృతి అని పేరుపెట్టి నెత్తిన పెట్టుకున్నారు.

తెల్లవాడు రాకముందు "మా గడ్డ మీద ఇలాంటివి లేవు" అంటారట వాళ్లు! ఏటా జూన్ 3న అక్కడి జనం నముగొంగో పుణ్యక్షేత్రానికి నడిచి వెళ్లేది ఎవరి కోసం? 1886లో అక్కడి బుగాండా రాజు (కబాకా) ముయాంగా చంపించిన కొలువు కుర్రాళ్ల కోసం. క్రైస్తవంలోకి మారినందుకే కాదు, తమతో పడుకోవాలన్న రాజు కోరికను కాదన్నందుకు కూడా అని రాసింది మిషనరీలే. బ్రిటిష్ పాలన వచ్చింది 1894లో. లెక్క మీరే వేసుకోండి.

145 కింద యావజ్జీవం ఎప్పట్నుంచో ఉంది. చాలలేదు. 2014లో తెచ్చిన కొత్త చట్టాన్ని అక్కడి కోర్టు కొట్టేసింది, హక్కుల కోసం అనుకునేరు, ఓటింగ్ రోజు సభలో సరిపడా సభ్యులు (కోరం) లేరని! 2023లో ఆ పొరపాటు చేయలేదు, సభ నింపి మరీ పాస్ చేశారు. ఒకసారి శిక్షపడ్డవాడు మళ్లీ దొరికితే ఉరిదాకా పోవచ్చు. "ప్రోత్సహిస్తే" 20 ఏళ్లు. ఇల్లిచ్చినవాడికి 10 ఏళ్లు అన్న సెక్షన్‌ను 2024 ఏప్రిల్‌లో కోర్టు కొట్టేసింది, సంతోషం. ఈలోపు ఓనర్లు భయపడి బయట పడేసిన మంచాలు, గిన్నెలు ఆ తీర్పొచ్చి లోపల పెడుతుందా?

2019లో కంపాలాలో పోలీసులు 16 మందిని పట్టుకుని చూపించిన సాక్ష్యాలేంటో తెలుసా? కండోమ్‌లు, లూబ్రికెంట్లు, హెచ్‌ఐవీ మాత్రలు. మాత్రల డబ్బా ఇంట్లో ఉంటేనే నేరమైతే ఇక క్లినిక్ గడప ఎవడు తొక్కుతాడు?

అయినా ఉగాండాను అనడం దేనికి. నిజాం నాటి 1329 ఫస్లీ (అంటే 1919) చట్టం హైదరాబాద్ హిజ్రాల పేర్లు రిజిస్టర్లో ఎక్కించమంది. ఆడవేషంలో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకెళ్లొచ్చంది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది ఎప్పుడు? 2023 జూలైలో! ఆ నెల ఈ గ్రూపులో ఒక్క ఫార్వర్డ్ లేదు. గృహప్రవేశానికి వాళ్ల దీవెన కావాలి, పై వాటా అడిగితే మాత్రం టు-లెట్ బోర్డు తిప్పేస్తారు.