అక్షరం ముక్క రాని గ్యాసు

ఒక పని నేరం కావాలంటే అది నేరమని ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి. ఈ ప్రమాణంతో కొలిస్తే, ఓజోన్ పొరను హరించే పదార్థాల, అంటే ఏసీలలో, ఫ్రిజ్‌లలో నింపే కొన్ని గ్యాసుల, వ్యాపారం విషయంలో నెల్లూరు, ప్రకాశం జిల్లాల నడవడి మచ్చలేనిదని ఢంకా బజాయించి చెప్పవచ్చు. ఇసుక లారీ రాత్రి ఎటు పోయిందో మన దగ్గర పసిపిల్లవాడు కూడా చెబుతాడు. రేషన్ బియ్యం ఏ మిల్లుకు చేరాయన్నది టీ బంకు దగ్గర నలుగురూ మాట్లాడుకునే సంగతే. మొలకెత్తని విత్తనం మీదా, రొయ్యల చెరువులో చల్లిన నకిలీ మందు మీదా రైతు రోడ్డెక్కుతాడు. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద స్కూటరు ముందు భాగంలో కాళ్ల మధ్య సిలిండరు ఇరికించుకొని పోతున్న ఏసీ మెకానిక్కును ఆపి, అందులో ఏముందని అడిగినవారు మాత్రం లేరు. అడగవలసిన అవసరమూ లేదు, దాని మీదే రాసి ఉంటుంది కదా!

రాసి ఉన్నదాన్ని నమ్మడం ఉత్తమ పౌరుడి లక్షణం. ప్రభుత్వం కూడా చట్టాన్ని ఈ నమ్మకం మీదే నిలబెట్టింది. ఈ పదార్థాల తయారీని, వాడకాన్ని దశలవారీగా ఆపాలని 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, 1992లో భారతదేశం అందులో చేరింది, ఎనిమిదేళ్లు నిదానంగా ఆలోచించి 2000 జులైలో ఓజోన్ పొరను హరించే పదార్థాల క్రమబద్ధీకరణ, నియంత్రణ నియమాలను వెలువరించింది. ఉత్పత్తి చేసేవాడు, దిగుమతి చేసుకునేవాడు, ఎగుమతి చేసేవాడు, నిల్వ ఉంచేవాడు, అమ్మేవాడు, అందరూ పేరు నమోదు చేయించుకోవాలి, లెక్కల పుస్తకం రాయాలి, ఎప్పటికప్పుడు నివేదికలు పంపాలి. ఆ పదార్థంతో సరుకు తయారుచేసేవాడైతే కొనేటప్పుడే ఎందుకు కొంటున్నాడో రాసివ్వాలి. కోడిగుడ్డుకు ఈకలు పీకేవారు సైతం తప్పు పట్టలేని నియమాలివి. ఇందులో ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి రాస్తారు. గ్యాసు ఒక్కటే ఏమీ రాయదు సరికదా, తన మీద రాసినదాన్ని చదవదు కూడా. సిలిండరు మీద ఏ పేరు ఉన్నదో చూసుకొని అందుకు తగినట్టు మెలగాలన్న ఇంగితం దానికి లేదు. లోపల ఉన్న అణువు ఏదైతే అదిగానే బయటపడి, తీరిగ్గా ఏళ్ల తరబడి ప్రయాణం చేసి, చేరవలసిన చోటికి చేరుతుంది. చట్టం రాసినవారు ఇంతటి అవిధేయతను ఊహించి ఉండరు.

ఫిర్యాదుదారు పరిస్థితి మరీ దయనీయం. ఓజోన్ పొర భూమికి సుమారు 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఉన్న ఓజోన్‌నంతా కిందికి తెచ్చి నేల మీది పీడనంలో పరిస్తే మూడు మిల్లీమీటర్ల మందం తేలుతుంది. అంత పలుచని ఆస్తికి సర్వే నంబరు లేదు, పాసు పుస్తకం లేదు, అది ఏ మండలం కిందికి వస్తుందో తేలలేదు, సోమవారం కలెక్టరేటుకు వచ్చి వరుసలో నిలబడి అర్జీ ఇచ్చుకునే ఓపిక అంతకన్నా లేదు. పోనీ అధికారులే వెళ్లి విచారిద్దామంటే, అంత ఎత్తుకు పోగల వాహనాలు శ్రీహరికోటలో ఉండేవి. 2022 నాటి జిల్లాల పునర్విభజనలో సూళ్లూరుపేటతో పాటు అవి కూడా తిరుపతి జిల్లాకు దక్కాయి. పక్క జిల్లా వాహనం కోసం ఫైలు కదిలేలోగా పొర తనంతట తానే మానిపోయే అవకాశమూ ఉంది. ప్రపంచ శాస్త్రవేత్తల 2022 నివేదిక ప్రకారం, ధ్రువ ప్రాంతాలు మినహా 2040 నాటికి, అంటార్కిటికా మీద 2066 ప్రాంతంలో, ఓజోన్ మళ్లీ 1980 నాటి స్థాయికి వస్తుంది. ఇప్పటి కట్టుబాట్లు అమలైతేనే అన్న షరతు ఒకటి ఉన్నమాట నిజమే గానీ, షరతులు చదవకుండా సంతకం పెట్టడం మనకు బ్యాంకు రుణాల నాటి నుంచి అలవాటే.

ఇక సిలిండరు సంగతి. పాత ఫ్రిజ్‌లలో ఉండి ఇప్పుడు నిషేధంలో ఉన్న ఆర్-12, ఏసీలలో ఉండే ఆర్-22, కార్లలో వాడే ఆర్-134ఎ, మూడూ రంగు లేని వాయువులే, మూడింటికీ 13.6 కిలోలు పట్టే ఒకే తీరు సిలిండరు సరిపోతుంది. ఆర్-12 ఓజోన్‌ను ఆబగా తింటుంది, ఆర్-22 అందులో సుమారు ఇరవయ్యో వంతు తింటుంది, ఆర్-134ఎ ఓజోన్‌ను ముట్టుకోదు. అది భూమిని వేడెక్కించే మాట వాస్తవమే, ఆ పద్దు వేరు. చాలాకాలం పాటు వీటిని రంగును బట్టి పోల్చుకొనేవారు: ఆర్-12కు తెలుపు, ఆర్-22కు లేత ఆకుపచ్చ, ఆర్-134ఎకు లేత నీలం. అనగా దొంగ సరుకు దాటించదలచినవాడికి కావలసిన పెట్టుబడి ఒక డబ్బా రంగు, ఒక కుంచె. 2020 నుంచి అన్ని సిలిండర్లకూ ఒకే రంగు వేయాలని అమెరికా పరిశ్రమ సంఘం మార్గదర్శకం ఇచ్చి ఆ ఖర్చు కూడా తప్పించింది. ఇక మిగిలింది సిలిండరు మీద అంటించే చీటీ. చీటీ అచ్చు వేయించడం ఎంత కష్టమో, నాయకుడి పుట్టినరోజుకు ఒక్క రాత్రిలో నిండిపోయే ఒంగోలు కూడళ్లను చూసినవారికి చెప్పనక్కరలేదు.

ఈ విద్య మనది కాదు, గురువులు పెద్ద దేశాలవారు. అమెరికా 1990లో సీఎఫ్‌సీల మీద, అంటే ఆర్-12 జాతి గ్యాసుల మీద, పన్ను వేసి, 1996 నుంచి వాటి తయారీని ఆపేసింది. వెంటనే మయామీ రేవులో సీఎఫ్‌సీ సిలిండర్ల దొంగ రవాణా ఎంత పెరిగిందంటే, విలువలో కొకెయిన్ తరువాతి స్థానం దానిదేనని అక్కడి అధికారులే చెప్పవలసి వచ్చింది. వాడి, శుద్ధి చేసిన పాత గ్యాసు దిగుమతికి వెసులుబాటు ఉండడంతో, కొత్త గ్యాసంతా కాగితాల మీద పాతదై దిగింది. మన దేశంలోకి నేపాల్ సరిహద్దు మీదుగా వచ్చిన సిలిండర్లు కూడా ఈ బడిలో చదివినవే.

చీటీని నమ్మిన పుణ్యానికి ఫలితం ఎలా ఉంటుందో 2011లో రేవులు చూశాయి. వియత్నాంలో మరమ్మతు చేసిన కొన్ని శీతల కంటెయినర్లలో ఆర్-134ఎ అని నింపిన గ్యాసులో చవకరకం మిథైల్ క్లోరైడ్ కలిసి ఉంది. అది కంప్రెసర్‌లోని అల్యూమినియంతో కలిసి, గాలి తగిలితే అంటుకునే పదార్థంగా మారింది. వియత్నాంలోనూ బ్రెజిల్‌లోనూ కంటెయినర్లు పేలి కార్మికులు చనిపోయారు. మన చెరువుల్లో పెరిగిన వనామీ రొయ్య చెన్నై లాంటి రేవుల్లో ఓడ ఎక్కేది అలాంటి పెట్టెల్లోనే. రొయ్యలో మందు అవశేషాలు ఉన్నాయేమోనని దిగుమతి దేశం వెంట్రుకవాసి దాకా పరీక్షిస్తుంది. దాన్ని చల్లగా ఉంచిన గ్యాసు ఏమిటని అడిగితే చీటీ చూడమంటారు. రొయ్యకు ఉన్న పరపతి గ్యాసుకు లేదు.

అయితే రేవులో కాపలా కాసేవారికి కనిపించని అసలు వ్యాపారం ఇంటి మేడ మీద జరుగుతుంది. రోహిణి కార్తెలో కావలిలో మధ్యాహ్నం రెండు గంటలకు ఏసీ చల్లబరచడం మానేస్తే ఆ ఇంట్లో మాంట్రియల్ ఒప్పందం గురించి మాట్లాడగల ధీరుడు పుట్టలేదు, పుట్టినా ఇంటివాళ్లు బతకనివ్వరు. ఏసీలో గ్యాసు బండిలో పెట్రోలులా ఖర్చయిపోతుందని, వేసవి వచ్చిందంటే పట్టించుకోవాలని మనలో చాలామంది గట్టి విశ్వాసం. నిజానికి గ్యాసు ఎక్కడికీ ఖర్చు కాదు, గొట్టానికి చిల్లు ఉంటే కారిపోతుంది, చిల్లు లేకపోతే ఏసీ పాతబడేదాకా అదే గ్యాసు తిరుగుతూ ఉంటుంది. పద్ధతి ప్రకారమైతే మెకానిక్కు మిగిలిన గ్యాసును యంత్రంతో వేరే సిలిండరులోకి లాగాలి, చిల్లు వెతికి పూడ్చాలి, గొట్టాల్లో గాలి లేకుండా చేయాలి, ఆ తరువాత తూకం వేసి కొత్త గ్యాసు ఎక్కించాలి. ఇదంతా అరపూట పని. ఇంటాయన ఇవ్వదలచింది అరగంట కూలి. అందుచేత మెకానిక్కు వాల్వు తిప్పుతాడు, సుయ్యిమని ఒక శబ్దం వస్తుంది, మిగిలిన గ్యాసు కావలి ఆకాశానికి దఖలు పడుతుంది. ఒక కిలో ఆర్-22 అలా పోతే, భూమిని వేడెక్కించడంలో సుమారు 1,800 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం, ఓజోన్‌కు జరిగే నష్టం దీనికి అదనం. లెక్కల పుస్తకంలో ఆ శబ్దానికి గడి లేదు.

"ఏ గ్యాసు పట్టిస్తా ఉండావు అబ్బయ్యా?" అని ఇంటాయన అడిగితే, "సల్లంగా వచ్చే గ్యాసే పెద్దాయనా" అంటాడు మెకానిక్కు. నా దృష్టిలో ఈ వ్యాపారం మొత్తం మీద ఇంత నిజాయతీగా వచ్చిన వివరణ మరొకటి లేదు. అతనికి తెలిసింది అంతే, ఆయనకు కావలసిందీ అంతే. పేరు, నంబరు, రిజిస్ట్రేషను అన్నీ దుకాణం గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాయి.

కాగితం చదవకుండా నేరుగా గ్యాసునే పసిగట్టే యంత్రం లేకపోలేదు. సిలిండరుకు గొట్టం తగిలిస్తే లోపల ఉన్నది ఆర్-12నా, ఆర్-22నా, ఆర్-134ఎనా, కల్తీనా అని అది నిమిషాల్లో తేల్చేస్తుంది. పేద దేశాల కస్టమ్స్ వారికి ఇలాంటివి కొనిపెట్టడానికి, కర్మాగారాలను మార్చుకోవడానికి 1990లో లండన్ సమావేశంలో ఒక నిధి ఏర్పాటు చేశారు. నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున కోరిక తీరినవారు రొట్టె ఇస్తే కోరిక ఉన్నవారు పుచ్చుకుంటారే, అదే ఏర్పాటు. చల్లదనమనే కోరిక తీరిపోయిన దేశాలు ఇస్తాయి, ఇంకా చెమటలు కక్కుతున్న దేశాలు పుచ్చుకుంటాయి. ఇబ్బంది ఏమిటంటే ఈ యంత్రానికి మర్యాద తెలియదు. ఇన్వాయిస్‌లో ఏముంది, పార్టీ ఎవరు, ఎవరి తాలూకు అని విచారించకుండా ఉన్నది ఉన్నట్టు తెర మీద వేసేస్తుంది. ఇలాంటి స్వభావం గల ఉద్యోగి మన కార్యాలయాల్లో ఎంతకాలం ఒకేచోట పనిచేయగలడో పాఠకులే చెప్పాలి.

ఇంతకన్నా అమర్యాదకరమైన ఉదంతం 2018లో బయటపడింది. 2010 నుంచి ప్రపంచమంతటా తయారీ ఆగిపోయిందని దేశాలన్నీ రాసిచ్చిన సీఎఫ్‌సీ-11, 2012 తరువాత గాలిలోకి మళ్లీ ఎక్కువగా విడుదల అవుతోందని శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఏ పోలీసూ పట్టుకోలేదు, ఏ కాగితమూ తప్పు లేదు. కొరియాలోనూ జపాన్‌లోనూ గాలిని నిరంతరం కొలిచే కేంద్రాల లెక్కలను బట్టి, ఆ అదనపు వాయువులో చాలాభాగం తూర్పు చైనా నుంచి వస్తోందని 2019లో తేల్చారు. నురుగు పలకల తయారీలో దొంగచాటుగా వాడారన్నది అనుమానం. గుట్టు రట్టయ్యాక విడుదల తగ్గిపోయింది. ఒక దేశపు రికార్డులన్నీ సక్రమంగా ఉండగా, కేవలం గాలి చెప్పిన సాక్ష్యం మీద ఆ దేశాన్ని శంకించడం ఏ న్యాయసూత్రానికి సరిపోతుంది? మన సింగరాయకొండలోనో ముత్తుకూరులోనో అలాంటి కేంద్రం ఒకటి పెడితే వేసవిలో దాని ముల్లు ఎటు తిరుగుతుందో తలచుకోవడానికి కూడా మనసొప్పదు.

శిక్షల విషయంలో ప్రభుత్వం ఉదారంగానే ఉంది. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఒకప్పుడు ఐదేళ్ల దాకా జైలు ఉండేది. 2023 నాటి జన్ విశ్వాస్ చట్టం జైలు తీసేసి, పదివేల నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టింది. జనం మీద విశ్వాసమని చట్టానికి పేరు పెట్టాక జనాన్ని జైల్లో పెట్టడం బాగుండదు. మరోవైపు హెచ్‌సీఎఫ్‌సీల, అంటే ఆర్-22 జాతి గ్యాసుల, వాడకాన్ని 2025 నాటికి మూడింట రెండు వంతులకు పైగా తగ్గించి, 2030 నాటికి మరమ్మతుల కోసం చిటికెడు మిగిల్చి తక్కినదంతా ఆపాలన్నది ఒప్పందం. సరుకు తగ్గుతుంది, పాత ఏసీలు తగ్గవు. కంప్రెసర్ మార్చి పదిహేనేళ్లు నడిపించిన ఏసీని మనవాళ్లు కన్నబిడ్డను పంపినంత బాధతో గానీ పాత సామాన్లవాడికి ఇవ్వరు. ఆ ఏసీలు బతికున్నంత కాలం సుయ్యిమనే శబ్దానికి ధర పెరుగుతూనే ఉంటుంది, ధర పెరిగిన ప్రతిచోటా చీటీ మారుతూనే ఉంటుంది.

దొంగ సరుకు మీద కాపలా ఎలా కాయాలో ఈ జిల్లాకు ఎవరూ నేర్పనక్కరలేదు. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతుల్లో నాలుగు అక్షరాలు నేర్చిన దూబగుంట ఆడవాళ్లు, సర్కారు వేలంపాట పాడి, లైసెన్సు ఇచ్చి, లెక్కలు రాసి నడిపిన సారా అంగడిని మూయించారు, ఆ సెగకు 1993లో రాష్ట్రమే సారాను నిషేధించింది. కాబట్టి ఈ గ్యాసు కాపలా కూడా వారికే అప్పగించాలన్నది నా మొదటి ఆలోచన. ఒక్క చిక్కు వచ్చిపడింది. సారా దొరికితే నేల మీద పారబోసి ఊరుకోవచ్చు. గ్యాసు దొరికితే పారబోయడమే నేరం. దాన్ని పారబోయకుండా, అమ్మకుండా, కారిపోనివ్వకుండా, అందుకని కట్టిన కొలిమిలో ఎక్కువ వేడి మీద కాల్చి నాశనం చేయాలి, ఆ ఖర్చు ఏ పద్దు కింద రాయాలో తేలేదాకా భద్రపరచాలి. భద్రపరచడమంటే మనకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఠాణా ఆవరణలో, సీజు చేసిన మోటారు సైకిళ్ల పక్కన, ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఆ సిలిండరు కేసు తేలేదాకా నిలబడుతుంది, వాల్వు తుప్పు పడుతుంది, పంచనామాలో మాత్రం దాని బరువు పదేళ్ల తరువాత కూడా 13.6 కిలోలే ఉంటుంది.