సవరణ: హేజ్‌లీ పిచింగ్ చేసింది రెండో మ్యాచ్‌లో

అమెరికాలో 2015 కాలేజీ బేస్‌బాల్ ఫైనల్ (మూడు మ్యాచ్‌లలో రెండు గెలవాలి) గురించి మొన్న రాసిన పోస్టులో, వర్జీనియా జట్టుకు టైటిల్ తెచ్చిన చివరి మ్యాచ్‌ని ఆడమ్ హేజ్‌లీ పిచర్‌గా (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు) మొదలుపెట్టాడన్నాను. తప్పు. ఒమాహాలో మొదటి మ్యాచ్ వాండర్‌బిల్ట్ చేతిలో 5-1తో పోయాక, ఓడితే ఇంటికే అన్న రెండో మ్యాచ్ అతనిది. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఐదు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు. అప్పటికి ఫస్టియర్ కుర్రాడు, అదీ మామూలుగా ఔట్‌ఫీల్డర్ (దూరంగా నిలబడి ఫీల్డింగ్ చేసేవాడు)! అంతటి ఆటను వేరే రోజు లెక్కలో వేయడం నాకే బాధనిపించింది.

మూడో మ్యాచ్‌లో బ్రాండన్ వాడెల్ ఏడు ఇన్నింగ్స్ వేశాడు, చివరి రెండూ నేథన్ కర్బీ. ఆ 4-2 గెలుపులో మూడు పరుగులు రాబట్టింది మరో ఫస్టియర్, పావిన్ స్మిత్: రెండు పరుగుల హోమ్ రన్ (బంతిని మైదానం దాటించిన షాట్), తర్వాత ఇంకో పరుగు తెచ్చిన సింగిల్ (ఒక బేస్ చేర్చే షాట్). అతని పేరే వదిలేశాను, ఇప్పుడు చేర్చాను.