రాయీ మందమే, ఆకాశమూ మందమేనా?

పెయింటింగ్ నైఫ్‌తో (రంగు పూసే పల్చటి మొద్దు కత్తి) సముద్రతీరపు రాళ్ల బొమ్మలు వేసే రీల్స్ చూస్తుంటే ఈమధ్య చిరాకొచ్చేస్తోంది. తెల్లరంగు ముద్దలు తీసి కేకు మీద క్రీమ్ పూసినట్టు కాన్వాస్ అంతా పూసేయడం, కింద "టెక్స్చర్ అదిరింది" అని కామెంట్లు. ఆకాశం మందం, దూరపు నీళ్లు మందం, రాళ్లూ మందమే. అన్నీ ఎగుడుదిగుడుగా ఉంటే రాయి గరుకు ఎక్కడ తెలుస్తుందండీ?

పక్కన నున్నటిది ఉంటేనే గరుకు కంటికి ఆనుతుంది. ఆకాశాన్ని పల్చగా లాగి గీకేయండి, కాన్వాస్ నేత బయటపడినా నష్టం లేదు. మందమంతా ముందున్న రాళ్లకీ విరిగే అలకీ దాచుకోండి.

రాయి సంగతే చూడండి. అల్ట్రామెరీన్ బ్లూ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు) కలిపిన ముదురు రంగు ముందు వేసి ఆరనివ్వాలి (ఈ ఓపిక ఎవరికుంది, రీల్ ముప్పై సెకన్లే కదా). తర్వాత నైఫ్ అడుగున కాస్త లేతరంగు తీసుకుని, దాదాపు పడుకోబెట్టి, చెయ్యి బరువు పడకుండా ఒక్కసారి లాగితే రంగు ఎత్తుల మీదే అంటుకుని పల్లాల్ని వదిలేస్తుంది. పగుళ్లు మనం గీయక్కర్లేదు, వాటంతటవే వస్తాయి. బాగా వచ్చింది కదా అని అదే చోట ఇంకోసారి లాగారో, అంతా బురద. ప్రతి గీతకీ నైఫ్ గుడ్డతో తుడవాల్సిందే, బద్ధకిస్తే కుదరదు.

నురగ కూడా అంతే, మొత్తం తెలుపు కాదు. నీడవైపు నీలం కలిసిన బూడిదరంగు ఉంటుంది, ఎండ తగిలేచోట మాత్రమే అచ్చ తెలుపు. నీళ్లు తగిలే రాయిని ముదురుగా ఉంచితే ఆ కాస్త తెలుపే మెరుస్తుంది.

నైఫ్ అంటే బ్రష్ చేతకానివాళ్ల షార్ట్‌కట్ అనే పెద్దమనుషులు కొందరుంటారు. 1869లో ఫ్రాన్స్‌లోని ఎత్రెతా తీరంలో నైఫ్ వాడి అలల బొమ్మలు వేసిన ఫ్రెంచ్ చిత్రకారుడు గుస్తావ్ కూర్బేకి బ్రష్ రాదా? వేల్స్ కొండల్నీ తీరాన్నీ ఎక్కువగా నైఫ్‌తోనే వేసిన చిత్రకారుడు కిఫిన్ విలియమ్స్‌కి రాదా? కూర్బే మేఘాలకీ నైఫ్ వాడాడు కదా అని నన్ను నిలదీస్తారేమో. వాడాడు, అది తుఫాను మేఘం, దానికి బరువుంది. మీ రీల్‌లో ఉన్నది తేట నీలాకాశం.

మందంగా వేసేవాళ్లకి ఇంకోమాట. ఆయిల్ రంగు పైన పొర కట్టినా లోపల నెలల తరబడి పచ్చిగానే ఉంటుంది, తొందరపడి వార్నిష్ కొట్టకండి. తెలుపు కొనేటప్పుడు ట్యూబ్ వెనక పిగ్మెంట్ కోడ్ (అందులో ఏ రంగుపొడి వాడారో చెప్పే గుర్తు) చదవండి. పీడబ్ల్యూ 6 (PW6) అంటే టైటానియం తెలుపు, పీడబ్ల్యూ 4 (PW4) అంటే జింక్ తెలుపు. ఆయిల్‌లో జింక్ ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి పగులుతుంది, రెండూ కలిపి అమ్మే తెలుపులు కూడా బోలెడు.