స్టోర్ రూంలో శీలావతి

మధ్యతరగతి మనిషి నేరం చేయకపోవడానికి కారణం నీతి అని చిన్నప్పుడు చదువుకున్నాం. నా అనుభవంలో అసలు కారణం చోటు చాలకపోవడం. విశాఖ సీతమ్మధారలో మాది రెండు పడగ్గదుల ఫ్లాటు. అందులో నేను, మా ఆవిడ, డిగ్రీ చదివే అమ్మాయి, మా మేనల్లుడు. పొద్దున పనమ్మాయి, సాయంత్రం పెరుగుతోడు కోసం వచ్చే ఎదురింటావిడ, నెలకోసారి వచ్చి పది రోజులుండి వెళ్లే మా అత్తగారు. బీరువాలో బంగారం ఎక్కడుందో నాకు తప్ప అందరికీ తెలిసిన ఇల్లు. అలాంటి ఇంట్లో చట్టానికి తెలియకుండా ఒక గంజాయి మొక్కని పెంచవచ్చని మా మేనల్లుడు అనుకున్నాడు. వాడి పేరు చెప్పను. ఇంకా పెళ్లి కావాలి.

వాడు ఇంజినీరింగ్ చదివి, మా ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేస్తాడు. కుక్కర్ విజిల్స్‌కి మీటింగులు పాడవుతున్నాయని స్టోర్ రూం ఖాళీ చేయించుకున్నాడు. ఆవకాయ జాడీలు, పాత కుట్టుమిషను, హుద్‌హుద్ తుపాను నుంచి "మళ్లీ వస్తేనో" అని దాచుకున్న నీళ్ల క్యాన్లు మా మంచం కిందికి చేరాయి. వాడు తలుపేసుకున్నాడు. లోపల్నుంచి రోజూ అగరొత్తుల వాసన. వీడికి ఇంత భక్తి ఎప్పుడు కుదిరిందని మా ఆవిడ మురిసిపోయి, ఈసారి సింహాచలం చందనోత్సవానికి తీసుకెళ్దాం అంది.

సంగతి బయటపెట్టింది కరెంటు బిల్లు. నాలుగొందలు ఎక్కువొచ్చింది. అడుగుదామని ఒక సాయంత్రం తలుపు తోశాను. లోపల నల్లటి గుడారం, అందులో ఊదారంగు లైటు, దాని కింద ఒక కుండీ, కుండీలో మోకాలెత్తు మొక్క. పక్కన తెరిచి ఉన్న ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ షీటు. పైన "మొదటి మొక్క, తక్కువ బడ్జెట్" అని శీర్షిక.

నేను మొక్క వంక చూడలేదు, ఎక్సెల్ వంక చూశాను. 31 ఏళ్లు బ్యాంకులో లోను దరఖాస్తులు చూసి వీఆర్ఎస్ తీసుకున్నవాడి కళ్లు అటే పోతాయి.

గుడారం 4,200. లైటు 3,600. ఫ్యాను 950. కొబ్బరిపొట్టు, కుండీ కలిపి 450. విత్తనాలు అయిదు, "అసలు సిసలు శీలావతి", 1,500. మొత్తం 10,700. కింద ఎర్ర అక్షరాల్లో "టొరంటో వాడికంటే చవక" అని రాసుకున్నాడు.

టొరంటో వాడు వీడి క్లాస్‌మేట్. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి గంజాయి చట్టబద్ధం. అతనుండే చోట ఇంటికి నాలుగు మొక్కల దాకా పెంచుకోవచ్చు. 2024 ఏప్రిల్ 1 నుంచి జర్మనీ కూడా పెద్దవాళ్లకి మూడేసి మొక్కలు అంది. మనం పిల్లల అన్నప్రాశన ఫొటోలు పంపినట్టు ఆ అబ్బాయి తన నాలుగు మొక్కల ఫొటోలు వారం వారం పంపుతుంటే వీడికి రోషం వచ్చింది. టొరంటోలో అనుమతి నాలుగు, సీతమ్మధారలో అనుమతి సున్నా అన్న చిన్న తేడా మాత్రం ఎక్సెల్‌లో ఏ గడిలోనూ లేదు.

"తప్పురా" అంటే వాడు వినడు. పెద్దవాళ్లు అలాగే అంటారని వాడికి తెలుసు. అందుకని కుర్చీ లాక్కుని అప్రైజల్ మొదలుపెట్టాను. నేరం సంగతి తర్వాత, ముందు ప్రాజెక్టు రిపోర్టే తప్పు.

"ఒక్క మొక్కే కదా మావయ్యా" అన్నాడు.

మత్తుమందుల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలో ఈ "ఒక్కటే కదా"కి చోటు లేదు. దగ్గర దొరికిన గంజాయికైతే కిలో దాకా తక్కువ పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం అని తూకాలున్నాయి. మొక్క పెంచితే తూకం లేదు. సెక్షన్ 20 కింద పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. కుండీయా, ఎకరమా అని ఆ సెక్షన్ అడగదు. మావాడు లా చదవలేదు గానీ సందు వెతకడంలో ఏ లాయరుకీ తీసిపోడు. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొమ్మల చివర్లు. అవి లేకుండా ఉత్త ఆకు, ఉత్త గింజ ఆ నిర్వచనంలోకి రావు. ఉత్తరాదిన కొన్ని రాష్ట్రాల్లో భంగుని సర్కారు లైసెన్సు దుకాణాల్లో అమ్ముతున్నది అందుకే. "ఇంకా పూత రాలేదు, ఆకులే కదా మావయ్యా" అన్నాడు. ఆకు ఆకే. కానీ ఆ ఆకు పట్టుకుని వేలాడుతున్నది మొక్కని. చట్టం పెంచొద్దన్నది ఆ మొక్కనే.

ఎక్సెల్‌లో మూడు వరసలు చేర్చాను. జరిమానా, లక్ష. లాయరు ఫీజు, ఖాళీ వదిలాను. వాళ్లూ అలాగే ఖాళీ వదిలి సంతకం పెట్టించుకుంటారు. అడవివరం సెంట్రల్ జైలుకి ములాఖత్‌కి వెళ్లిరావడానికి ఆటో, రానూపోనూ 400, నెలకి రెండుసార్లు, పదేళ్లకి 96,000. ఆటోచార్జీలు పెరగవనుకుంటే. మా ఆవిడ చేసి పంపే జంతికల నూనె వేయలేదు. శీర్షికలో "తక్కువ" అన్న మాట చెరిపేశాను.

తర్వాత నా సంగతి చూసుకున్నాను. తెలిసీ ఇల్లు వాడుకోనిస్తే సెక్షన్ 25 ప్రకారం చేసినవాడికి పడే శిక్షే ఇల్లుగలవాడికీ పడుతుంది. సెక్షన్ 46 ఇంకా ముచ్చటైనది. తన భూమిలో ఎవరైనా గంజాయి పెంచుతుంటే ఆ భూమిగల ఆసామి వెంటనే పోలీసులకో అధికారులకో చెప్పాలి. మూడో అంతస్తులో వేలాడేవాడికి భూమేమిటి అనుకున్నాను. అంతలో రిజిస్ట్రేషన్ కాగితం గుర్తొచ్చింది. అవిభాజ్య వాటా, 34 గజాలు. కొన్నప్పుడు ఆ 34 గజాలు ఎక్కడున్నాయో చూపించమంటే బిల్డరు నవ్వి ఊరుకున్నాడు. ఇన్నాళ్లకి నేనూ ఒక భూస్వామినేనని తెలిసి ఒళ్లు జలదరించింది.

ఇక స్థలం ఎంపిక. ఫ్యాక్టరీ పెడతానని వచ్చినవాణ్ణి బ్యాంకులో మేం ముందు అడిగేది "ఇక్కడే ఎందుకయ్యా?" అని. విశాఖలో గదిలో లైటు పెట్టి గంజాయి పెంచడమంటే, భీమిలి బీచిలో కూర్చుని బక్కెట్లో ఉప్పునీళ్లు కలుపుకోవడమే. చింతపల్లి, పెదబయలు, ముంచంగిపుట్టు కొండల్లో గుడారం అక్కర్లేదు, ఫ్యాను అక్కర్లేదు, కరెంటు బిల్లు రాదు. శీలావతి అన్న పేరే ఆ కొండల సరుకుది. పేరు వింటే పతివ్రత, ప్రయాణాలు మాత్రం రాత్రిళ్లు, ఏ లారీలోనో కాయల బస్తాల కింద. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు రెండు లక్షల కిలోల పైగా గంజాయిని గుట్టలు పోసి తగలబెట్టారు. ఆ వేళ గాలి ఎటు వీచిందని మా బ్రాంచిలో ఒకాయన రెండు రోజులు ఆరా తీశాడు. రెండు లక్షల కిలోలు బూడిదైన ప్రాంతంలో వీడిది ఒక కుండీ. దీన్ని మార్కెట్ స్టడీ అంటారా?

ఇంకో మాట కూడా చెప్పాను గానీ అది వాడికి ఎక్కినట్టు లేదు. కొండమీద రైతు గుడిసెలో ఎక్సెల్ షీటు ఉండదు. పేపర్లో మొహానికి గుడ్డ కట్టి నిలబెట్టే ఫొటోల్లో ఎప్పుడూ బస్తా మోసిన కుర్రాళ్లే ఉంటారు. మోయించినవాడి ఫొటో నేనింకా చూడలేదు. వీడేమో అటు రైతూ కాదు, ఇటు షావుకారూ కాదు. రిస్కు రైతుది, ఖర్చు షావుకారుది, లాభం సున్నా. ఇలాంటి దరఖాస్తుని మా మేనేజరు చదవకుండానే వెనక్కి పంపేవాడు.

"రేపు పొద్దున్నే పీకేస్తాను మావయ్యా."

"ఇప్పుడే పీకు. గంజాయిని పట్టడానికి రాష్ట్రం ఈగల్ అని ప్రత్యేక దళం పెట్టింది, వాళ్ల నంబరు 1972. నాకది కాగితం మీద రాసుకోనక్కర్లేదు, నేను పుట్టిన సంవత్సరం."

అప్పుడే కాలింగ్ బెల్లు మోగింది.

మా స్టోర్ రూం వెంటిలేటరు డక్టులోకి తెరుచుకుంటుంది. డక్టు అంటే మా అపార్టుమెంటు బాత్రూములన్నిటి అంతరంగం. వారం రోజులుగా అందులోకి ఊదారంగు వెలుగు పడుతోంది. ఎదురింటావిడ మొదట క్షుద్రపూజ అనుకుందట. ఆ వెలుగుకి అగరొత్తులు తోడైతే ఎవరైనా అలాగే అనుకుంటారు. సెక్రటరీగారి అబ్బాయి మాత్రం ఒక్కచూపులో చెప్పేశాడు, "నాన్నా, అది గ్రో లైటు" అని. అంత చప్పున ఆ అబ్బాయికెలా తెలిసిందని అసోసియేషన్‌లో ఎవరూ అడగలేదు. నీళ్ల మోటారు కాలిపోతే మూడు మీటింగులకీ కోరం లేని అసోసియేషన్ ఆ రాత్రి ఎనిమిదింటికల్లా మా గుమ్మం ముందు చెప్పులు విప్పింది. సాక్షిగా వాచ్‌మన్‌ని కూడా తెచ్చుకున్నారు.

దాచడానికేం లేదు. స్టోర్ రూంలో ఇద్దరికంటే పట్టరు కాబట్టి కుండీనే హాల్లోకి తెచ్చి టీపాయ్ మీద పెట్టాం. మావాడు తలొంచుకుని వాంగ్మూలం ఇచ్చాడు. అయిదు గింజల్లో మూడు వేస్తే ఒకటి మొలిచింది. నెల దాకా ఆకులు గుండెకాయ ఆకారంలో వచ్చి దిగులు పెట్టాయి. తర్వాత చీలడం మొదలైంది. మూడు వేళ్లు, అయిదు వేళ్లు, అంచుల్లో రంపపు పళ్లు. ఫొటో పంపితే టొరంటో నుంచి బొటనవేలి బొమ్మ వచ్చింది. వాసన వస్తుందని భయపడి అగరొత్తులు వెలిగించాడు. అసలు రాకపోయేసరికి ఆ అగరొత్తుల పనితనం చూసి మురిసిపోయాడు.

అందరూ రెండడుగులు వెనక్కి నిలబడ్డారు. వాచ్‌మన్ మాత్రం ముందుకొచ్చి గొంతుక్కూర్చున్నాడు. కాండం మీద వేలితో కింది నుంచి పైకి రాశాడు. సన్నటి ముల్లేదో గుచ్చుకున్నట్టుంది, వేలు విదిలించాడు. ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాడు.

"సాక్ష్యం! సాక్ష్యం!" అని సెక్రటరీగారు అరిచారు.

అతను నమిలాడు. పదకొండు మందిమి అతని దవడ వంకే చూస్తున్నాం.

"గోగు బాబూ ఇది" అన్నాడు. అతనిది చీపురుపల్లి అవతల ఊరు. "మా నాన ఎకరం ఏసీవోడు. నార తీసి మిల్లుకి తోలీవోళ్లం. కాపోతే పులుపు నేదు. ఎండ తగల్నేదు కదేటి."

తర్వాత పుస్తకం చూస్తే వాచ్‌మన్‌కి శాస్త్రం తోడొచ్చింది. నార తీసే ఈ గోగుకి శాస్త్రీయనామం హైబిస్కస్ కన్నాబినస్. ఆకు గంజాయి ఆకుని పోలి ఉంటుందనే ఆ కన్నాబినస్. 1753లో గంజాయికి కన్నాబిస్ సటైవా అని పేరు పెట్టిన లిన్నేయసే దీనికీ నామకరణం చేశాడు. స్వీడన్ పెద్దాయనకి తట్టిన పోలికని ఎవడో సీతమ్మధారలో గింజ మూడొందల చొప్పున అమ్ముకున్నాడు. నేను ఇన్నేళ్లలో చూసిన వ్యాపారాలన్నిట్లో లోను ఇవ్వదగ్గది అదొక్కటే. కొన్నవాడు రసీదు అడగడు, వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడు. వెళ్తే అక్కడ వేసే మొదటి ప్రశ్న, "మీరు అడిగిన సరుకేమిటి?"

నాలుగో అంతస్తు లాయరుగారు మాత్రం తేల్చకుండా వదల్లేదు. ఈ చట్టంలో ప్రయత్నం కూడా నేరమే, మరి గంజాయి అనుకుని గోంగూర పెంచడం ప్రయత్నమా కాదా అని అరగంట వాదించారు. ఎదుటి పక్షం లేకపోవడంతో రెండు పక్షాలూ ఆయనే వాదించి, టీ తాగి, వాయిదా వేసుకుని వెళ్లారు. స్టోర్ రూముల్లో ఊదారంగు లైట్లు వాడరాదని అసోసియేషన్ తీర్మానం రాసింది. మోటారు సంగతి ఎజెండాలోకి రాలేదు.

అందరూ వెళ్లాక మా ఆవిడ ఎక్సెల్ ముందు కూర్చుంది. రైతుబజార్లో గోంగూర కట్ట పది రూపాయలు. "ఏమండీ, 1,070 కట్టలొచ్చేవి. రోజూ నూరినా మూడేళ్లు" అంది. కరెంటు బిల్లు కలపలేదని నేను అనలేదు. మొక్కంతా దూస్తే గరిటెడు పచ్చడైంది. పులుపు చాలక అందులో చింతపండు వేయాల్సి వచ్చింది. గోంగూర పచ్చడిలో చింతపండు వేస్తుంటే మా అత్తగారు వంటింట్లోంచి లేచి వెళ్లిపోయారు.

నాలుగు రోజులు మావాడు ఎవరితోనూ మాట్లాడలేదు. చివరికి టొరంటోకి నిజం చెప్పేసినట్టున్నాడు. నిన్న రాత్రి ఫోను పట్టుకుని నా మంచం దగ్గరికొచ్చాడు. అక్కణ్నుంచి జవాబు. "ఇక్కడ గోంగూర కట్ట అయిదు డాలర్లురా, అదీ వడిలిపోయింది. నీ దగ్గర మిగిలిన రెండు గింజలూ పంపు. ఒక మొక్క పీకేసి ఆ చోట్లో వేస్తా."

"మావయ్యా, కెనడాకి విత్తనాలు పంపడానికి ఏమైనా సెక్షన్లు ఉంటాయా?"

కళ్లజోడు పెట్టుకుని, ఆ ఎక్సెల్ మళ్లీ తెరవమన్నాను.