133 మెట్లు, ఒక పియానో

లాస్ ఏంజెలెస్‌లో సిల్వర్ లేక్ అనే పేట ఉంది. అక్కడ కింద వెండోమ్ వీధి, పైన డెస్కాన్సో డ్రైవ్, రెంటినీ కలుపుతూ నిటారుగా ఒక సిమెంటు మెట్లదారి. మొత్తం 133 మెట్లు. 1932లో హాలీవుడ్ హాస్యజంట లారెల్, హార్డీ ఒక పియానో పెట్టెను ఈ మెట్ల మీదుగా పైనున్న ఇంటికి చేర్చడానికి పడ్డ పాట్లే 'ది మ్యూజిక్ బాక్స్'. సుమారు అరగంట సినిమా. కామెడీ షార్ట్ ఫిల్ములకంటూ ఆస్కార్ పెట్టిన మొదటి ఏడాది ఆ అవార్డు అందుకున్నది ఇదే.

మొన్న వేసవి సెలవుల్లో మా అమ్మమ్మ, అక్క కూతురు ఇద్దరూ ఉన్నప్పుడు ఈ సినిమా పెట్టాను. అమ్మమ్మకు ఎనభై దాటాయి, ఇంగ్లిష్ రాదు. పాపకు పదేళ్లు, రెండు నిమిషాలకోసారి ఫోన్ వైపు చెయ్యి పోతుంది. పెట్టె మొదటిసారి జారి దడదడమంటూ కిందికి పోయేసరికి పాప ఫోన్ సంగతి మర్చిపోయింది. తర్వాత ఒక ఘట్టం వస్తుంది. ఎన్నో తిప్పలు పడి ఇద్దరూ పెట్టెను పైదాకా తెస్తారు. అక్కడ పోస్ట్‌మన్ కనిపించి, పక్కనుంచి పైకి బండి దారి ఉందిగా, ఈ మెట్లమీద ఎందుకు మోశారు అంటాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. ఆ తర్వాత పియానోను మళ్లీ మెట్లన్నీ దించి, బండికెక్కించి, ఆ దారిన పైకి తీసుకొస్తారు.

"అయ్యో, పైకి తెచ్చాక మళ్లీ కిందికెందుకురా నాయనా!" అంటూ అమ్మమ్మ టీవీకే చెప్పింది. పాప నవ్వి నవ్వి సోఫా మీంచి కిందికి జారింది. తొంభై ఏళ్లు దాటిన సినిమా, మనది కాని ఊరు, మనది కాని భాష. ఆ గదిలో మూడు తరాలం ఒకే క్షణంలో నవ్వాం.

ఇది ఎలా సాధ్యమైందని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటుంది: ఈ పాత కామెడీ సినిమాల్లో మాటలు లేవు కాబట్టి అందరికీ అర్థమవుతాయి, ఎవరైనా పడితే ఎవరికైనా నవ్వొస్తుంది. ఈ జవాబుతో నాకు పేచీ ఉంది. 'ది మ్యూజిక్ బాక్స్' మూకీ కాదు, టాకీ. పడటమే నవ్విస్తే, రోజూ మన ఫోన్లలోకి వచ్చి పడే ఫెయిల్ వీడియోలన్నీ వందేళ్లు నిలవాలి. పెళ్లి స్టేజీ మీంచి జారిపడినవాడు, బైకు మీంచి బురదలో పడినవాడు... ఐదు సెకన్లు నవ్వి వేలితో పైకి తోసేస్తాం. మర్నాటికి ఒక్కటీ గుర్తుండదు.

నేను చూసినంతలో, ఈ పాత షార్ట్ ఫిల్ములు నిలిచింది పడటం వల్ల కాదు, పని వల్ల. మంచివన్నీ తీసి చూడండి, ప్రతిదాంట్లో ఒక పని ఉంటుంది. పియానో చేర్చాలి. ఇల్లు కట్టాలి. గడియారం చూడాలి. క్రిస్మస్ చెట్టు అమ్మాలి. ఆ కాలంలో షార్ట్ అంటే ఎక్కువగా రెండు రీళ్లు, అటూ ఇటూగా ఇరవై నిమిషాలు. అంతలో ప్రేమకథ, పగ, క్లైమాక్స్ అన్నీ పట్టవు. ఒక్క పని పడుతుంది. ఆ పనిని ఒళ్లు దాచుకోకుండా చేసే మనిషి, చెయ్యనివ్వని లోకం. రీల్స్‌లో మనకు కనిపించేది జారిన క్షణమే. అంతకుముందు అతను ఏం మోస్తున్నాడో, ఎక్కడికి మోస్తున్నాడో, ఎన్ని మెట్లెక్కాడో తెలియదు.

నాలుగేళ్ల కిందట ఇల్లు మారినప్పుడు మా బీరువాను ఇద్దరు హమాలీలు మూడో అంతస్తుకు ఎక్కించారు. లిఫ్టులో పట్టలేదు. కిందివైపు పట్టుకున్నాయన మొహం కనబడదు, బీరువా వెనకనుంచి గొంతొక్కటే వినబడుతుంది. "మలుపు అన్నా, నిదానం... నీ దిక్కు లేపు... ఇంకొంచెం... ఆగాగు!" రెండో అంతస్తు మలుపులో బీరువా ఇరుక్కుపోయింది. ముందుకు రాదు, వెనక్కు పోదు. నాకు ఒకటే టెన్షన్. పైనున్నాయన మాత్రం ఒక మోకాలితో బీరువాను ఆపి, భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. దాన్ని మళ్లీ చక్కగా మడతపెట్టి భుజాన వేసుకుని "ఊఁ, పట్టు" అన్నాడు.

ఆ తువ్వాలు మడత నాకు హార్డీ టోపీని గుర్తుచేసింది. ఆయన నీళ్లకుంటలో పడతాడు, పెట్టె వెంట మెట్ల మీద ఈడ్చుకుపోతాడు. లేచాక ముందు చేసే పని కోటు సర్దుకోవడం, టోపీ సరిగ్గా పెట్టుకోవడం. ఆ తర్వాత కెమెరాలోకి, అంటే మన కళ్లలోకి, ఒక చూపు చూస్తాడు. కోపంగా కాదు, 'చూస్తున్నారుగా మీరైనా' అన్నట్టు. అంత భారీ మనిషి చేతివేళ్లు ఎంత సుకుమారంగా కదులుతాయో గమనించండి. అదే సినిమాలో, గదంతా కకావికలైపోయాక, ఆ పియానో తనంతట తాను పాట వాయిస్తుంటే ఇద్దరూ చెత్త ఎత్తుతూనే అడుగులో అడుగేసి చిన్న డాన్స్ చేస్తారు. ఆ ఘట్టంలో ఎవరూ పడరు, ఏదీ విరగదు. నాకు సినిమా మొత్తంలో అన్నింటికన్నా ఇష్టమైనది అదే. అంతసేపు బరువు మోసినవాళ్లు కాబట్టే ఆ తేలికదనం అంత ముద్దొస్తుంది.

చాప్లిన్ 1916లో తీసిన 'ది పాన్‌షాప్' కూడా ఇలాంటిదే. తాకట్టు దుకాణంలో పనివాడు. ఒకాయన అలారం గడియారం తెస్తాడు. చాప్లిన్ దాని మీద స్టెతస్కోపు పెట్టి గుండె చప్పుడు వింటాడు. రోగి పొట్టను డాక్టరు తట్టినట్టు వేళ్లతో తడతాడు. డబ్బా మూత తెరిచే కట్టర్‌తో వెనకభాగం కోస్తాడు, వాసన చూస్తాడు. లోపలి సామాను ఒక్కొక్కటే బయటకు లాగుతాడు. చివరికి బల్లంతా స్ప్రింగులు, చక్రాలు. వాటన్నిటినీ గడియారం తెచ్చినాయన టోపీలోకే ఊడ్చి, ఇది మాకు పనికిరాదని తల అడ్డంగా ఊపుతాడు. మొత్తం ఘట్టంలో చాప్లిన్ ఒక్కసారి కూడా నవ్వడు. చేతిలో ఉన్నది గడియారమో, గుండెనో, చేపల డబ్బానో, అది మారినప్పుడల్లా చేతుల తీరు మారిపోతుంది. నిజంగా పని తెలిసినవాడి చేతులవి.

పడటం, కొట్టుకోవడం లాంటి ఒంటి చేష్టలతో నవ్వించే ఇలాంటి హాస్యాన్ని స్లాప్‌స్టిక్ అంటారు. ఆ పేరు వెనకా ఒక పనిముట్టే ఉంది. ఇటలీ పాత వీధినాటకాల్లో రెండు చెక్కబద్దలు కలిపిన కర్ర వాడేవారు. కొడితే బద్దలు ఒకదానికొకటి తగిలి చప్పుడు ఫట్‌మని వినిపిస్తుంది, దెబ్బ మాత్రం తగలదు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు కొట్టుకునేటప్పుడు తెర వెనక ఆటగాళ్లు కాళ్ల కింద చెక్కలు తొక్కి చప్పుడు చేసేదీ ఇందుకే. ఒకరిని చూసి ఇంకొకరు నేర్చుకున్నది కాదిది. చప్పుడు పెద్దగా, దెబ్బ చిన్నగా ఉంటేనే జనం భయం లేకుండా నవ్వుతారని రెండుచోట్లా కళాకారులకు తెలుసు. రామాయణం నడుస్తుండగా కేతిగాడు దూరి గోల చేస్తే, అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్న పిల్లలు లేచి కూర్చునేవారని మా అమ్మమ్మ చెబుతుంది.

ఇక తీసిన పద్ధతి. పాత షార్టుల్లో కెమెరా దూరంగా ఉంటుంది. మనిషి తలనుంచి కాలిదాకా కనిపిస్తాడు, అతనితోపాటు మెట్లూ కనిపిస్తాయి, పెట్టే కనిపిస్తుంది. మధ్యలో కట్ లేకుండా అది జారుతుంది కాబట్టి నమ్ముతాం. ఇప్పుడు మన సినిమాల్లో కామెడీ సీను చూడండి. చెంపదెబ్బకు ఒక సౌండ్ ఎఫెక్ట్, తిన్నవాడి మొహానికి ఒక కట్, చూసినవాడి మొహానికి ఇంకో కట్. ఎవరు ఎవరిని ఎలా కొట్టారో మనకు కనిపించదు, కొట్టారని చెబుతారంతే. రేలంగి, రమణారెడ్డి పక్కపక్కన నిలబడితే చాలు, ఆ లావు, ఆ సన్నం చూసి హాల్లో నవ్వు మొదలయ్యేది. ఆ జంట తర్వాత మన హాస్యం మాటల పంచ్ మీదికే ఎక్కువగా పోయిందని, ఒంటితో నవ్వించే విద్యను నిర్లక్ష్యం చేశామని నాకు గట్టిగా అనిపిస్తుంది.

టైమింగ్ సంగతీ చెప్పాలి. లారెల్ తెరమీద అమాయకుడు, తెర వెనక గ్యాగులు, అంటే నవ్వించే చిన్న చిన్న ఎత్తులు, అల్లడంలో, ఎడిటింగ్‌లో ముందుండే మనిషి. సినిమాను ముందు థియేటర్లో జనానికి చూపించి, ఎక్కడ ఎంతసేపు నవ్వుతున్నారో గమనించి, ఆ నవ్వు సద్దుమణిగేదాకా తర్వాతి మాట రాకుండా నిడివి సర్దేవారు. అందుకే ఒంటరిగా ఫోన్లో చూస్తే అక్కడక్కడా నిదానంగా అనిపిస్తుంది. నలుగురు కూర్చుని చూస్తే ఆ ఖాళీలన్నీ నవ్వుతో నిండుతాయి. ఈ సినిమాలను ఒంటరిగా చూడొద్దని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

మూకీలంటే గబగబా పరుగెత్తే బొమ్మలన్న అపోహ కూడా ఉంది. చేత్తో హ్యాండిల్ తిప్పే కెమెరాలు సెకనుకు పదహారు, పద్దెనిమిది, ఇరవై ఫ్రేములు, ఇలా రకరకాలుగా తీసేవి. టాకీలు వచ్చాక సెకనుకు 24 ఫ్రేములు ఖాయమయ్యాయి. పాత సినిమాను ఆ వేగంతో ఆడిస్తే మనుషులు కీ ఇచ్చిన బొమ్మల్లా కదులుతారు. వెంటపడే సీన్లలో కమెడియన్లు కావాలనే వేగం పెంచిన మాటా నిజమే కానీ, చాప్లిన్ గడియారం విప్పే ఘట్టాన్ని ఆ పరుగులో చూస్తే చేతుల నేర్పు మొత్తం పోతుంది. పిల్లలకు చూపించేటప్పుడు బాగుచేసిన మంచి కాపీ వెతకండి, ఆ శ్రమకు ఫలితం ఉంటుంది.

అన్నీ మిగల్లేదు కూడా. ఇదే లారెల్, హార్డీ 1927లో ఇవే మెట్ల మీద బట్టలుతికే యంత్రాన్ని మోసిన 'హ్యాట్స్ ఆఫ్' అనే మూకీ ఇప్పుడు ఎక్కడా లేదు. క్రీమ్ పైలు విసురుకునే ప్రసిద్ధమైన పోట్లాట ఉన్న 'ది బ్యాటిల్ ఆఫ్ ది సెంచరీ' రెండో రీలు చాలాకాలం తునకలుగానే తెలుసు, 2015లోగానీ అది వెలుగులోకి రాలేదు.

మిగిలినవాటిలో అన్నీ నెత్తిన పెట్టుకోదగ్గవీ కావు. మూకీల కాలపు హాస్యనటుడు, దర్శకుడు బస్టర్ కీటన్ నాకు ప్రాణం. అయినా 1921 నాటి ఆయన 'ది ప్లేహౌస్'లో మొహాలకు నల్లరంగు పూసుకుని నల్లజాతివారిని అనుకరించే భాగం ఉంది. అది వస్తే నేను ఇప్పటికీ నవ్వలేను. పాప పక్కనుంటే ఆపి, అదెందుకు తప్పో చెబుతాను. అక్కడ నవ్వు మనిషి చేసే పని మీద కాదు, మనిషి రంగు మీద. అందుకే అది పాతబడిపోయింది.

అదే కీటన్ 1920లో తీసిన 'వన్ వీక్' పాతబడలేదు. కొత్త దంపతులకు పెట్టెల్లో ఒక రెడీమేడ్ ఇల్లు కానుకగా వస్తుంది. నంబర్ల ప్రకారం బిగిస్తే ఇల్లవుతుంది. ఆ అమ్మాయి కాదన్న పాత ప్రేమికుడు నంబర్లు మార్చేస్తాడు. గోడలు వంకర, తలుపు ఎక్కడో గాల్లోకి తెరుచుకుంటుంది. ఇందులోనూ ఒక పియానో వస్తుంది. దాన్ని తెచ్చిన బలశాలి భుజం మీంచి అలవోకగా అందిస్తే, కీటన్ దాని కింద అణిగిపోతాడు. గాలివానకు ఇల్లు గిరగిరా తిరుగుతుంది. అది ట్రిక్ కాదు, తిరిగే వేదిక మీద నిజంగా ఇల్లు కట్టి తిప్పారు. వాన వెలిశాక తెలుస్తుంది, కట్టింది తమ స్థలంలో కాదని, పట్టాల అవతల కట్టాల్సిందని.

ఇంటిని లాక్కెళుతుంటే సరిగ్గా పట్టాల మీద ఆగిపోతుంది. దూరంగా రైలు. లాగుతారు, నెడతారు, కదలదు. చివరికి ఇద్దరూ పక్కకు జరిగి కళ్లు మూసుకుంటారు. రైలు పక్క పట్టాల మీదుగా దూసుకుపోతుంది, ఇంటికేమీ కాదు. హమ్మయ్య అనుకుని ఊపిరి పీల్చుకునేలోగా ఎదురు దిక్కునుంచి ఇంకో రైలు వచ్చి ఇంటిని ముక్కలు చేసేస్తుంది. కీటన్ మొహంలో ఏ మార్పూ ఉండదు. ఆ కట్టెల కుప్ప మీద 'అమ్మబడును' అని బోర్డు పెడతాడు. రెండడుగులు వేసి ఆగి, వెనక్కు వచ్చి, ఇల్లు ఎలా బిగించాలో రాసిన కాగితాన్ని కూడా ఆ బోర్డుకు తగిలిస్తాడు. భార్య చెయ్యి పట్టుకుని నడుచుకుంటూ వెళ్లిపోతాడు.