గేట్లు తర్వాత కొనండి, ముందు కేటలాగు సరిచేయండి

"మా లైబ్రరీ మొత్తం ఆటోమేషన్ అయిపోయింది" అని ఎవరైనా అంటే అడగాల్సిన ప్రశ్న ఒకటే. తెలుగులో టైప్ చేస్తే తెలుగు పుస్తకం దొరుకుతుందా? హైదరాబాద్‌లో ఆస్తిపన్ను కట్టేవాళ్లందరం పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం. ఆ ప్రశ్న అడిగే హక్కు మనకుంది.

సాఫ్ట్‌వేర్‌కి కరువేం లేదు. న్యూజిలాండ్‌లో ఒక చిన్న ఊరి లైబ్రరీ కోసం తయారై 2000లో పని మొదలుపెట్టిన కోహా ఉచితం. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ వాళ్ల ఈ-గ్రంథాలయ ఉంది, యూనివర్సిటీలకు యూజీసీ కేంద్రమైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల సోల్ ఉంది. చిక్కంతా వాటిలోకి ఎక్కించే రికార్డుల దగ్గరే.

పుస్తకం చేతిలో పెట్టుకుని టైటిల్ పేజీ చూసి నింపాల్సిన రికార్డును, అక్సెషన్ రిజిస్టర్ (వచ్చిన పుస్తకాలను వరుస నంబర్లతో రాసుకునే పుస్తకం) చూసి ఎక్కించేస్తారు. రిజిస్టర్లో పేరు సగమే ఉంటుంది, సంపాదకుడు రచయితైపోతాడు. పని తొందరగా తేలాలని లైబ్రరీల మధ్య రికార్డులు వెతికి తెచ్చుకునే జెడ్39.50 పద్ధతి ద్వారా అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి రికార్డు దించుకోవచ్చు. మంచి సదుపాయమే. కానీ అక్కడి తెలుగు రికార్డులు చాలావరకు రోమన్ లిపిలో ఉంటాయి. ఆ పద్ధతిలో 'చ' అంటే సి అక్షరం ఒక్కటే. సి పక్కన హెచ్ చేరిస్తే అది 'ఛ'. మన పాఠకుడు 'చరిత్ర'ను ఇంగ్లిష్‌లో మామూలుగా మనం రాసుకున్నట్టే సిహెచ్‌తో కొడతాడు. ఫలితం సున్నా. పుస్తకం మాత్రం పది అడుగుల దూరంలో బీరువాలోనే ఉంటుంది! దించిన ప్రతి రికార్డులోనూ 880 ఫీల్డులో (రికార్డులో అసలు లిపి రూపానికి కేటాయించిన గడి) తెలుగు లిపి పేరు చేర్చాలి. ఈ ఊళ్లో ఉర్దూ పుస్తకాలకూ అదే వర్తిస్తుంది. 1891లో అసఫియాగా మొదలైన అఫ్జల్‌గంజ్ గ్రంథాలయం ఉన్న నగరంలో ఒకే లిపి కేటలాగు ఎలా సరిపోతుంది?

ఇక పాత డేటా. యూనికోడ్ రాకముందు అను ఫాంట్లలో కొట్టిన జాబితాలు వెబ్ కేటలాగులో పిచ్చి గుర్తుల్లా కనిపిస్తాయి. కన్వర్టర్‌తో మార్చాక కూడా వత్తులు తారుమారవుతాయి, కాబట్టి మనిషి కూర్చుని చదవాల్సిందే. ఎక్సెల్ చేసే నష్టం ఇంకోటి. 004512 అన్న అక్సెషన్ నంబర్‌లో ముందున్న సున్నాలు మింగేసి 4512 చేస్తుంది. పుస్తకం మీది బార్‌కోడ్ స్కాన్ చేస్తే "ఐటమ్ లేదు" అంటుంది సిస్టమ్. ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టుకోవాలి, ఫైలును యూనికోడ్ రూపమైన యూటీఎఫ్-8లో భద్రపరచాలి. లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలే.

అసలు గొడవ వెతుకులాటలో ఉంది. రామాయణం, రామాయణము. ఆంధ్రమహాభారతం, ఆంధ్ర మహాభారతం. మనకు ఒకటే, యంత్రానికి వేర్వేరు. కలిపి రాసిన రూపం, విడదీసిన రూపం, 'ము'తో ఉన్న పాత రూపం మూడూ 246 ఫీల్డులో (పేరుకున్న వేరే రూపాల గడి) ఉంటేనే పాఠకుడు ఎలా కొట్టినా దొరుకుతుంది. కోహాలో జీబ్రా అనే సెర్చ్ ఇంజిన్ వాడుతుంటే ఇండెక్సింగ్‌ను ఐసీయూకి (యూనికోడ్ లిపులను అర్థం చేసుకునే పద్ధతి) మార్చడం మరిచిపోవద్దు. పాత పద్ధతి తెలుగు లిపికి పనికిరాదు. రచయితల పేర్లకైతే అథారిటీ ఫైలు (ఒక రచయిత పేరు రూపాలన్నిటినీ కలిపే జాబితా) తప్పనిసరి. శ్రీశ్రీ అన్నా, శ్రీరంగం శ్రీనివాసరావు అన్నా, ఇంటిపేరు చివర్లో పెట్టినా ఒకే చోటికి చేరాలి. ఆ ఫైలులో 400 ఫీల్డు ఉన్నది అందుకే. ఇదంతా ఓపిక పని, రోజూ చేసే పని. దీనికి తెలుగు చదవడం వచ్చిన కేటలాగర్ జీతం కావాలి. టెండర్లలో కనిపించనిది సరిగ్గా ఆ జీతమే.

కనిపించేది ఆర్‌ఎఫ్‌ఐడీ: పుస్తకానికి అంటించే రేడియో ట్యాగులు, వాటిని చదివే రీడర్లు, గుమ్మం దగ్గర మోగే గేట్లు. కాదనను, ఇష్యూ, రిటర్న్ నిజంగా వేగమవుతాయి, స్టాక్ తనిఖీకి హ్యాండ్ రీడర్ చాలా నయం. అయితే 13.56 మెగాహెర్ట్జ్ ట్యాగు ఇనుప బీరువా పక్కన, రేకు మెరుపు అట్టల కింద సరిగా పలకదు. సన్నటి కవితా సంపుటాలకు అన్నిటికీ ఒకే చోట ట్యాగు అంటిస్తే, దొంతరగా పెట్టినప్పుడు ఒకదాని మీద ఒకటి పడి రీడర్ కొన్నిటిని వదిలేస్తుంది. అందుకే ఒక పుస్తకానికి పైన, ఇంకోదానికి మధ్యలో, మరోదానికి కింద అంటించాలి. సర్వర్‌లో ఇష్యూ నమోదై, ట్యాగులోని భద్రతా బిట్ (పుస్తకం బయటికి వెళ్లొచ్చని గేటుకు చెప్పే గుర్తు) మారేలోపు పుస్తకం జరిగినా, కరెంటు పోయినా గేటు మోగుతుంది. అప్పుడు పాఠకుణ్ని దొంగలా చూడటం అన్యాయం. ముందు రికార్డు చూడండి.

నెట్ పోయిన రోజు రాసుకున్న ఆఫ్‌లైన్ లావాదేవీలను జరిగిన వరుసలోనే ఎక్కించండి. వరుస తప్పితే తిరిగిచ్చిన పుస్తకం కూడా ఇంకా పాఠకుడి దగ్గరే ఉన్నట్టు చూపించి సిస్టమ్ జరిమానా వేస్తుంది. బ్యాకప్ రోజూ తీయాలి, వేరే భవనంలో ఉంచాలి, నెలకోసారి వేరే కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి చూడాలి. అలా తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోవద్దు.

ఈ వారం మీ దగ్గరి లైబ్రరీకి వెళ్లండి. బీరువాలోంచి ఏదో ఒక తెలుగు పుస్తకం తీసి, దాని పేరు కేటలాగులో మూడు రకాలుగా కొట్టండి: తెలుగులో కలిపి, తెలుగులో విడదీసి, ఇంగ్లిష్ అక్షరాల్లో. దొరకనిది ఏదో, ఆ పుస్తకం అక్సెషన్ నంబర్‌తో సహా కాగితం మీద రాసి లైబ్రేరియన్‌గారికి ఇవ్వండి.